టెంపర్‌మెంట్ లేదన్న తీర్పు

మన ఊళ్ళలో సెలెక్షన్స్ జరిగిన సాయంత్రం ఏ గ్రౌండ్‌కి వెళ్ళినా ఒక మాట వినిపిస్తుంది. "కుర్రాడి దగ్గర ఆట ఉంది గానీ టెంపర్‌మెంట్ లేదు." "అమ్మాయి మరీ మెతక, గట్టి మ్యాచ్‌లో నిలబడదు." పీఈటీ సారు అంటారు, కోచ్ అంటారు, ఒక్కోసారి కన్నతండ్రే అంటాడు. బ్యాక్‌హ్యాండ్ సరిగా లేదంటే నేర్పిస్తారు. ఒంట్లో దమ్ము చాలదంటే పరిగెత్తిస్తారు. స్వభావమే చాలదన్నాక ఆ పిల్లవాడు ఏం చెయ్యాలి? పదమూడేళ్ళప్పుడు పడ్డ ఆ ముద్ర నిజమని నమ్మి ఆట మానేసిన పిల్లలు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు. ఇంత తేలిగ్గా ఇచ్చే ఈ తీర్పుకి ఆధారం ఎంత? మనిషి స్వభావాన్ని కొలిచి, వీడు ఛాంపియన్ అవుతాడు, వీడు కాడు అని ముందే చెప్పవచ్చా? క్రీడా మనస్తత్వ శాస్త్రం ఈ ప్రశ్న మీద దశాబ్దాలు ఖర్చు పెట్టింది. అందులో తేలిన సంగతులు మన కోచ్‌లకీ, తల్లిదండ్రులకీ తెలియాలన్నది నా తపన.

ముందుగా మనందరికీ తెలిసిన ఒక ఆటగాడి దగ్గరికి వెళదాం. 2010 అక్టోబరు 5. మొహాలీలో ఆస్ట్రేలియాతో టెస్టు మ్యాచ్, చివరి రోజు. మనవాళ్ళు గెలవడానికి 216 పరుగులు కావాలి. 124 పరుగులకే 8 వికెట్లు పడిపోయాయి. క్రీజులో మన హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్. నడుం నొప్పితో వంగలేకపోతున్నాడు, రన్నర్‌గా సురేశ్ రైనా వచ్చాడు. ఇషాంత్ శర్మ తోడు నిలిస్తే ఇద్దరూ కలిసి 81 పరుగులు జోడించారు. ఇషాంత్ కూడా ఔటయ్యాక ఆఖరివాడుగా ప్రజ్ఞాన్ ఓఝా దిగాడు. ఇంకా 11 పరుగులు కావాలి. పరుగుకి రమ్మంటే ఓఝా తటపటాయించాడు. అంతే, లక్ష్మణ్ బ్యాట్ పైకెత్తి ఊపుతూ అతని మీద కేకలు వేశాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఈడెన్ గార్డెన్స్‌లో 281 కొట్టిన రోజున కూడా నెమ్మదిగా నవ్విన మనిషి! టీవీ ముందున్న వాళ్ళందరూ తెల్లబోయారు. ఇండియా ఒక్క వికెట్ తేడాతో గెలిచింది, లక్ష్మణ్ 73 పరుగులతో అజేయంగా నిలిచాడు.

మరి లక్ష్మణ్ శాంతస్వభావుడా, కోపిష్టా? శాంతస్వభావుడే అని క్రికెట్ చూసేవాళ్ళు ఎవరైనా చెబుతారు. ఆ మాట తప్పు కాదు. కానీ ఆ ఒక్క లక్షణం తెలిసినంత మాత్రాన మొహాలీలో ఆ నిమిషంలో ఆయన ఏం చేస్తాడో ఎవరూ ఊహించలేకపోయారు. మన చర్చంతా ఈ రెంటి మధ్య ఉన్న దూరం గురించే.

మనుషుల గుణాలను లెక్కబెట్టే ప్రయత్నం నిఘంటువుల దగ్గర మొదలైంది. గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1936లో ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని, మనిషి మనిషికీ ఉన్న తేడాను చెప్పే పదాలన్నీ ఏరారు. దాదాపు 18 వేలు తేలాయి. రేమండ్ కాటెల్ అలాంటి జాబితాలను గణితంతో వడగట్టి 16 మూల లక్షణాలకు కుదించాడు, 1949లో వాటిని కొలిచే ప్రశ్నపత్రం తెచ్చాడు. హాన్స్ ఐసెంక్ ఇంకా కుదించాడు. మనిషి బహిర్ముఖుడా అంతర్ముఖుడా అన్నది ఒక కొలత, భావోద్వేగాలు నిలకడగా ఉంటాయా ఊగిసలాడతాయా అన్నది రెండో కొలత అన్నాడు, తర్వాత మూడోది చేర్చాడు. బహిర్ముఖుల మెదడు మామూలు వేళల్లో కాస్త మందకొడిగా ఉంటుంది కాబట్టి వాళ్ళు బయటి నుంచి సందడిని కోరుకుంటారనీ, అంతర్ముఖుల మెదడు ముందే చురుగ్గా ఉంటుంది కాబట్టి ఎక్కువ సందడిని భరించలేరనీ ఆయన వాదన. ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఐదు లక్షణాల పద్ధతి.

ఈ సిద్ధాంతాలు ఆటస్థలంలోకి వచ్చినప్పుడు ఎంత ఉత్సాహం రేగిందో చెప్పాలి. కాలిఫోర్నియాలోని శాన్ హోసే విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఓగిల్వీ, థామస్ టట్కో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉండేవారు. కోచ్‌లకు తలనొప్పిగా మారిన ఆటగాళ్ళతో ఎలా నెగ్గుకురావాలన్న దాని మీద 1966లో వాళ్ళు ఒక పుస్తకం రాశారు. మూడేళ్ళ తర్వాత క్రీడాకారుల కోసమే 190 ప్రశ్నలతో ఒక పరీక్ష తయారు చేశారు. గెలవాలన్న పట్టుదల, దూకుడు, నాయకత్వం, ఆత్మవిశ్వాసం, మానసిక దృఢత్వం, కోచ్ మాట వినే గుణం, ఇలా మొత్తం పదకొండు లక్షణాలకు మార్కులు పడతాయి. అమెరికాలో కాలేజీ జట్లు, ప్రొఫెషనల్ జట్లు ఆ పరీక్షను ఆత్రంగా అందుకున్నాయి. ఆ ఆత్రం ఎందుకో నాకు అర్థమవుతుంది. కోచ్ పని అనిశ్చితితో నిండిన పని. ఇరవైమందిలో ఎవరి మీద మూడేళ్ళ శ్రమ పెట్టాలో తెలియక నలిగిపోయే మనిషికి, ఒక కాగితం మీద గీతలు గీసి "ఇదిగో, వీడు" అని ఎవరైనా చూపిస్తే కాదనగలడా?

చిక్కేమిటంటే, ఆ గీతలు చెప్పిన జోస్యం ఫలించిందో లేదో చూసే పని వెనకబడింది. 1975లో రైనర్ మార్టెన్స్ ఈ రంగంలో జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి, దారి తప్పామని సూటిగా రాశాడు. ఒకరు ఫుట్‌బాల్ ఆటగాళ్ళు దూకుడుగలవాళ్ళని తేలుస్తారు, ఇంకొకరు కాదని తేలుస్తారు. ఒకరు రాష్ట్రస్థాయి ఆడినవాడినే గొప్ప క్రీడాకారుడంటారు, మరొకరు ఒలింపిక్స్ ఆడితేనే అంటారు. ఆసుపత్రి రోగుల కోసం తయారైన ప్రశ్నపత్రాలతో ఈతగాళ్ళను కొలిచినవాళ్ళూ ఉన్నారు. రెండేళ్ళ తర్వాత షుర్, యాష్లీ, జాయ్ అనే ముగ్గురు పదిహేను వందలమందికి పైగా కాలేజీ విద్యార్థులను కాటెల్ పరీక్షతో కొలిచారు. ఆటలాడేవాళ్ళందరికీ ఉండి, ఆడనివాళ్ళలో లేని స్వభావం అంటూ ఒకటి వాళ్ళకు దొరకలేదు. జట్టుగా ఆడేవాళ్ళకూ ఒంటరిగా ఆడేవాళ్ళకూ మధ్య కొన్ని తేడాలు కనిపించాయి, అంతే. ఓగిల్వీ, టట్కోల పరీక్షనే తీసుకుని, ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎంపికకు అర్హులైన వందలమంది కుర్రాళ్ళ మీద 1991లో సరిచూస్తే, మంచు మీద వాళ్ళు చూపిన మనోబలంలోని తేడాల్లో 4 శాతం కూడా ఆ మార్కులు వివరించలేకపోయాయి.

దీనికి కారణం ఏమిటో వాల్టర్ మిషెల్ 1968లోనే, ఆటల ప్రసక్తి లేకుండా చెప్పాడు. లక్షణాల పరీక్షలో వచ్చిన మార్కుకీ, ఒకానొక సందర్భంలో మనిషి చేసే పనికీ మధ్య సంబంధం 0.3 దాటడం అరుదని లెక్కలు చూపించాడు. వినేవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, మనుషుల ప్రవర్తనలో కనిపించే తేడాల్లో పదో వంతు కూడా ఆ మార్కులకు అందదు. అంతకు ముప్పై ఏళ్ళ ముందే కర్ట్ లెవిన్, ప్రవర్తన అనేది మనిషీ పరిసరమూ కలిసి పుట్టించేదని సూత్రంగా రాశాడు. లక్ష్మణ్ నెమ్మది మనిషే. కానీ ఆ రోజు నడుం నొప్పి ఉంది, పదకొండు పరుగుల దూరంలో గెలుపుంది, అవతలి ఎండ్‌లో కదలని ఆఖరి బ్యాట్స్‌మన్ ఉన్నాడు. ఇవన్నీ వదిలేసి స్వభావం ఒక్కటే చూస్తే ఆ అరుపు అర్థం కాదు.

ఇది విని, లక్షణాలన్నీ ఉత్తమాటలేనా అని మీరు అడగవచ్చు. అలా అనడం కూడా తొందరపాటే. 1980లో విలియం మోర్గన్ ఈ వాదులాటను గమనించి, పండితులు రెండు శిబిరాలయ్యారని రాశాడు. పరీక్షల్ని కళ్ళు మూసుకుని నమ్మేవాళ్ళు ఒక పక్క, పూర్తిగా కొట్టిపారేసేవాళ్ళు ఇంకో పక్క. ఆయన మధ్య దారి పట్టాడు. స్వభావంతో పాటు మనోస్థితిని కూడా చూద్దామన్నాడు. 1971 నుంచి వాడుకలో ఉన్న ఒక ప్రశ్నపత్రం ఆరు మనోస్థితులను కొలుస్తుంది. ఒత్తిడి, దిగులు, కోపం, అలసట, గందరగోళం, వీటికి తోడు హుషారు. మేటి క్రీడాకారుల మార్కులను గీతగా గీస్తే హుషారు సగటు కంటే పైకి లేచి, మిగతా ఐదూ సగటు రేఖ కిందే ఉండిపోయాయి. నీటి మీద కొన మాత్రమే కనిపించే మంచుకొండలా ఉందని దానికి ఐస్‌బర్గ్ ప్రొఫైల్ అని పేరొచ్చింది.

పేరు ఆకట్టుకునేదే, పత్రికల్లో బాగా తిరిగింది. కానీ 1995లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క కడితే, గెలిచినవాళ్ళకూ ఓడినవాళ్ళకూ మధ్య తేడాలో ఈ గీత వాటా 1 శాతం కంటే తక్కువని తేలింది. అంటే ఈ కాగితం చూసి జట్టును ఎంపిక చెయ్యడం అన్యాయం. అయితే అదే మోర్గన్, అతని సహచరులు ఈ ప్రశ్నపత్రాన్ని అమెరికాలో విశ్వవిద్యాలయ ఈతగాళ్ళ మీద సుమారు పదేళ్ళపాటు ఇంకో పనికి వాడారు. శిక్షణ భారం పెరిగేకొద్దీ మనోస్థితి చెడడం, భారం తగ్గించగానే తేరుకోవడం వాళ్ళు గమనించారు. తేరుకోనివాడు ప్రమాదంలో ఉన్నట్టు. ఒకే మనిషిని వారం వారం అతనితోనే పోల్చి చూస్తే ఆ కాగితం విలువ ఎంతో ఉంది. బీజింగ్ ఒలింపిక్స్‌లో 2008లో షూటింగ్ స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా, ఆ పతకం తర్వాత తాను కుంగుబాటులో పడ్డానని బహిరంగంగా చెప్పాడు. దేశం యావత్తూ సంబరంలో ఉన్నప్పుడు ఆ మనిషి లోపల ఏం జరుగుతోందో అడిగే అలవాటు మన క్రీడా వ్యవస్థకు ఉండాలి. అలాంటి ప్రశ్నపత్రాలు అందుకు పనికొస్తాయి.

ఆందోళన విషయంలోనూ ఇదే వివేచన పనికొచ్చింది. మ్యాచ్ ముందు అరచేతులు చెమటలు పట్టడం, కాళ్ళు బరువెక్కడం అందరికీ ఉండేదే, అది ఆ క్షణపు స్థితి. కొందరికి మాత్రం ఏ పోటీ అయినా ముప్పుగానే కనబడుతుంది, అది స్వభావంలో ఉన్నది. ఛార్లెస్ స్పీల్‌బర్గర్ ఈ రెంటినీ విడదీశాడు. లక్షణ పరిశోధనలను అంత గట్టిగా విమర్శించిన మార్టెన్సే, ఆ తేడాను ఆటకి తెచ్చి, పోటీ ఆందోళనను కొలిచే పదిహేను వాక్యాల చిన్న పరీక్షను 1977లో ప్రచురించాడు. మనిషి మొత్తాన్నీ కొలవబోకుండా పోటీలో మాత్రమే ఎలా ఉంటాడో అడిగింది కాబట్టి అది బాగా నిలబడింది. ఎక్కువ ఆందోళన స్వభావం ఉన్న పిల్ల ఎవరో తెలిస్తే కోచ్ చెయ్యగలిగింది చాలా ఉంది. ఫైనల్ ముందు "ఇవాళ్టి మీదే నీ స్టేట్ సెలెక్షన్ ఆధారపడి ఉంది" అని ఆ పిల్ల చెవిలో ఊదడం మానెయ్యవచ్చు. "మొదటి ఐదు సర్వీసులు వెనక్కి, లోతుగా వెయ్యి" అని చేతికి అందే పని ఒకటి చెప్పవచ్చు. అమ్మానాన్నలను గ్యాలరీలో కాస్త వెనక వరసలో కూర్చోమనవచ్చు. ఆ పిల్ల ఆందోళన స్వభావం మారకపోయినా ఆట మారుతుంది.

ఇప్పుడు బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఈ మొత్తం చర్చకు మన గడ్డ మీద దొరికిన మంచి ఉదాహరణ ఆమెదే. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు సభ్యుడు. సింధుకు ఎత్తుంది, స్మాష్ ఉంది, 2013లోనూ 2014లోనూ ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యాలున్నాయి. అయినా మరీ నెమ్మది, కోర్టులో దూకుడు లేదు అన్న మాట వెంటాడేది. రియో ఒలింపిక్స్‌కు ముందు కోచ్ పుల్లెల గోపీచంద్ ఆమెను అకాడమీలో కోర్టు మధ్య నిలబెట్టి, అందరి ముందూ గట్టిగా అరవమన్నాడు. అరిస్తేగానీ రాకెట్ ముట్టుకోనివ్వనన్నాడు. ఆమెకు గొంతు పెగల్లేదు, కన్నీళ్ళు వచ్చాయి. చివరికి అరిచింది. ఈ సంగతి తర్వాత బహిరంగంగా చెప్పుకున్నదే. 2016 ఆగస్టులో రియో సెమీఫైనల్లో జపాన్ అమ్మాయి నొజోమి ఒకుహారాతో రెండో గేము 10-10 దగ్గర ఉండగా, సింధు వరసగా 11 పాయింట్లు గెలుచుకుంది. ప్రతి పాయింటుకీ పిడికిలి బిగించి అరిచిన ఆ అమ్మాయిని చూసినవాళ్ళు, ఈమె మెతక అంటే నమ్ముతారా? ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో ఓడినా మొదటి గేము సింధుదే. మారిన్ అరుపుల సంగతి మీకు తెలుసు, ఆ హోరులో కూడా సింధు వెనక్కి తగ్గలేదు.

ఆమె స్వభావం మారిందా? మారలేదనే నేననుకుంటాను. కోర్టు బయట ఆ నెమ్మది, ఆ నవ్వు అలాగే ఉన్నాయి. ఎడ్విన్ హాలండర్ 1967లో మనిషిని మూడు పొరలుగా వివరించాడు. లోపల మనిషి విలువలు, తనను గురించి తన నమ్మకాలు ఉంటాయి, అవి అంత తేలిగ్గా కదలవు. దానిపైన అలవాటైన స్పందనలు. అన్నిటికీ పైన పాత్రను బట్టి ప్రవర్తన, అంటే ఇంట్లో కూతురిగా ఒకలా, కోర్టులో ప్రత్యర్థిగా ఇంకోలా ఉండటం. ఈ పైపొర పరిసరాలకు అందుతుంది, సాధనకు లొంగుతుంది. గోపీచంద్ చేయి పెట్టింది అక్కడ. సింధుకు ఒక పాత్ర నేర్పించాడు, ఆమె దాన్ని డ్రాప్ షాట్ నేర్చుకున్నట్టే నేర్చుకుంది. లోపలి సింధును తప్పుపట్టకుండానే అది సాధ్యమైంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యకపోతే నా మనసు ఒప్పుకోదు. ఈ కథ విని, రేపు పొద్దున్నే పదేళ్ళ పిల్లను అందరి ముందు నిలబెట్టి అరవమనే కోచ్‌లు ఉండవచ్చు. దయచేసి ఆ పని చెయ్యకండి. సింధుకు అప్పటికి ఇరవై దాటింది, ప్రపంచ స్థాయి పతకాలున్నాయి, ఆ గురువు దగ్గర ఏళ్ళ తరబడి పెరిగిన నమ్మకం ఉంది. ఆ నమ్మకం లేనిచోట అదే పని అవమానంగా మిగులుతుంది.

పైపొర ఎంతగా మారగలదో చెప్పడానికి టెన్నిస్ ఆటగాడు బ్యోర్న్ బోర్గ్ చాలు. 1976 నుంచి 1980 వరకు వరసగా ఐదు వింబుల్డన్లు గెలిచిన మనిషి, ముఖంలో ఏ భావమూ కనిపించనివ్వడని మంచుగడ్డ అని పేరు. చిన్నప్పుడు అతను రాకెట్లు విసిరేసే కోపిష్టి, ఆ ప్రవర్తనకు స్వీడన్‌లోని అతని క్లబ్ కొన్ని నెలలు ఆట నుంచి దూరం పెట్టింది. పన్నెండేళ్ళ బోర్గ్‌కి ఎవరైనా స్వభావ పరీక్ష పెట్టి ఉంటే, ఇతనికి నిగ్రహం లేదని రాసి పక్కన పెట్టేసేవాళ్ళు.

ఛాంపియన్లలో ఉమ్మడి గుణాలే లేవా అంటే, ఉన్నాయి. డాన్ గూల్డ్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో పదిమంది అమెరికన్ ఒలింపిక్ విజేతలతోనూ, వాళ్ళ కోచ్‌లతోనూ, ఇంట్లోవాళ్ళతోనూ విడివిడిగా మాట్లాడారు. ఆత్మవిశ్వాసం, ఆందోళనను సంబాళించుకోవడం, ఏకాగ్రత, కష్టపడే తత్వం, ఆశావాదం, ఆట పట్ల తెలివి, కోచ్ చెప్పింది స్వీకరించే గుణం బయటపడ్డాయి. అయితే వీళ్ళంతా గెలిచాక మాట్లాడినవాళ్ళు. ఇవే గుణాలుండి పతకం రానివాళ్ళను ఎవరూ అడగలేదు. పైగా ఈ గుణాల్లో చాలా భాగం తల్లిదండ్రులూ కోచ్‌లూ ఏళ్ళ తరబడి పెంచి పోషించినవని ఆ అధ్యయనంలోనే కనిపిస్తుంది. విత్తనంలోనే వచ్చాయని దాన్ని బట్టి చెప్పలేం.

మన స్కూళ్ళలో వార్షికోత్సవం రోజున అతిథులందరూ చెప్పే మాట ఇంకోటుంది, ఆటలు శీలాన్ని నిర్మిస్తాయని. ఆ ఓగిల్వీ, టట్కోలే వేలమంది క్రీడాకారులను పరీక్షించాక 1971లో ఒక పత్రికలో రాస్తూ, ఆటలు వాటంతటవే శీలాన్ని పెంచుతాయనడానికి తమకు ఆధారం దొరకలేదన్నారు. తట్టుకోగల స్వభావం ఉన్నవాళ్ళు నిలుస్తారు, లేనివాళ్ళు మధ్యలోనే రాలిపోతారు, మనం మిగిలినవాళ్ళను చూసి ఆటే వాళ్ళను అలా చేసిందనుకుంటాం అన్నది వాళ్ళ భావం. నన్ను ఎక్కువగా కదిలించేది ఆ రాలిపోయిన పిల్లలే. వాళ్ళలో ఎందరికి ఒక మంచి మాట, ఒక ఏడాది గడువు, ఇంకో రకం కోచ్ దొరికి ఉంటే నిలిచేవాళ్ళో మనం ఏనాడూ లెక్క వెయ్యలేదు.

ఈమధ్య మన నగరాల్లో అకాడమీలు కూడా స్వభావ పరీక్షలు పెడుతున్నాయి. పెట్టవద్దని నేననను. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఫలితం ఎవరి చేతికి వెళుతుంది అని తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవాలి. ఎంపిక కోసమని తెలిస్తే పిల్లలు నిజం రాయరు. "ఓడిపోతానని మీకు భయం వేస్తుందా" అన్న ప్రశ్నకు, జట్టులో చోటు కావాలనుకునే ఏ పిల్లవాడు "అవును" అని టిక్కు పెడతాడు? సాయం కోసమని నమ్మకం కలిగితే పెడతాడు. అప్పుడు ఆ కాగితాన్ని మొదట చూడవలసింది ఆ పిల్లవాడు. పక్కన మనస్తత్వ శాస్త్రం చదివిన మనిషి కూర్చుని, ఇక్కడ నీకు బలం ఉంది, ఇక్కడ సాధన చెయ్యాలి, ఈ నెల ఇది ప్రయత్నిద్దాం అని చెప్పాలి. కోచ్‌కి చూపించాలా వద్దా అన్నది ఆ పిల్లవాణ్ణి అడిగి, వాడు సరేనన్నాక చెయ్యవలసిన పని.